గేదెకి వేసిన రెండు మందుల ఇంజెక్షన్ నిషేధంలో ఉందా? పాలు తోడుకోవడం లేదు

కోనసీమ_పాడి
అందరికీ నమస్కారమండి. మాది రాజోలు దగ్గర లంక ఊరు. రెండు గేదెలు, ఒక పడ్డ ఉన్నాయి. పోయిన ఆదివారం పెద్దగేదెకి వెనక కుడి చన్ను వాచిపోయింది, చెయ్యి వేస్తే తన్నేస్తోంది, పిండితే పాలలో అటుకుల్లాగా తెల్ల ముక్కలు పడుతున్నాయి. ఊళ్లో సూదులు వేసే ఆయన ఉన్నాడు, డాక్టరు కాదు గానీ ఇరవై ఏళ్లుగా మా పశువుల్ని ఆయనే చూస్తాడు. ఆది, సోమ, మంగళ మూడు రోజులు ఇంజెక్షన్ వేశాడు. వాపు తగ్గింది, గడ్డి తింటోంది. ఆ ఒక్క చన్ను పాలు పారబోసి మిగతా మూడు చన్నుల పాలు పాల సేకరణ కేంద్రానికి పోశాం, ఇంట్లోకీ ఉంచుకున్నాం.

మంగళవారం రాత్రి మా ఆవిడ తోడు పెడితే తెల్లారేసరికి గిన్నెలో పాలు పాలలాగే ఉన్నాయి. తోడు పాడైందేమో అని పక్కింటివాళ్ళని అడిగి తెచ్చి బుధవారం మళ్ళీ పెట్టింది, అదీ అంతే, పైన మీగడ, కింద నీళ్ళు. చిన్నగేదె పాలు అదే తోడుతో గడ్డలాగా తోడుకున్నాయి. అప్పుడు అనుమానం వచ్చి పాకలో పడేసిన ఖాళీ సీసా వెతికి చూస్తే దాని మీద రెండు మందుల పేర్లున్నాయి, సెఫ్ట్రియాక్సోన్, టాజోబాక్టం. మా అబ్బాయికి ఫోటో పంపితే, "నాన్నా, 156 మిశ్రమ మందులు నిషేధించారు, అందులో ఉందేమో చూడు" అన్నాడు. ఇది అందులో ఉందా? ఎన్నాళ్ళు పాలు పొయ్యకుండా ఆపాలి? ఇప్పటికే పోసిన పాల సంగతి ఏంటి? టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

ఉండి_చెరువులు
ముందు ఈ పూట నుంచి కేంద్రానికి పొయ్యడం ఆపెయ్యండి బాబాయ్. మిగతావి తర్వాత మాట్లాడుకోవచ్చు. పెద్ద డాక్టరు గారు రాత్రికి వస్తారు, ఆయన చెప్తారు.

పాతడాక్టరు
చూశానండి. పశుసంవర్ధక శాఖలో 30 ఏళ్ళు చేసి రిటైరయ్యాను, ఎక్కువ భాగం డెల్టాలోనే. ఒక్కొక్కటీ చెప్తాను, కాస్త ఓపిగ్గా చదవండి.

పాలు ఎందుకు తోడుకోలేదంటే, తోడులో ఉండేవి బ్యాక్టీరియాయే. గేదె పొదుగులో ఉన్న చెడ్డదాన్ని చంపడానికి వేసిన మందు పాలలోకి దిగి మీ గిన్నెలో ఉన్న మంచిదాన్నీ చంపింది. మీ ఆవిడ గారు తెలియకుండానే ఒక పరీక్ష చేశారు. డెయిరీల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూసే పాత పద్ధతి కూడా దాదాపు ఇదే, పాలలో బ్యాక్టీరియా పెరుగుతుందా లేదా అని చూస్తారు. అయితే ఒక జాగ్రత్త, పాలు తోడుకున్నంత మాత్రాన మందు పూర్తిగా పోయినట్టు కాదు. తోడుకి తట్టని కొద్ది మోతాదు ఇంకా ఉండొచ్చు.

మీరు చేసిన పొరపాటు ఒక చన్ను పాలే పారబొయ్యడం. కండకి వేసిన ఇంజెక్షన్ రక్తంలో కలుస్తుంది, రక్తం నుంచి నాలుగు చన్నుల్లోకీ వస్తుంది. ఏ చన్ను వాచింది అన్నదానితో దానికి పనిలేదు. చన్నులోకి ఎక్కించే ట్యూబు మందు వాడినా నాలుగు చన్నుల పాలూ ఆపమనే చెప్తాం.

ఎన్ని రోజులు? సీసా మీద గానీ పెట్టెలో కాగితం మీద గానీ పాలకి ఎన్ని రోజుల విరామం అని రాసి ఉండాలి. అలా నిర్ధారించిన గడువు లేకపోతే డ్రగ్స్ రూల్స్‌లో 97వ నిబంధన ఉంది. పాలకి, గుడ్లకి 7 రోజులకి తగ్గకూడదు, మాంసానికి 28 రోజులకి తగ్గకూడదు. 2012లో వచ్చింది ఆ మార్పు. ఆఖరి సూది వేసిన పూట నుంచి లెక్క. అంటే మీకు వచ్చే మంగళవారం సాయంత్రం దాకా.

ఆ పాలు దూడకి తాగించవద్దు. చాలామంది పారబొయ్యడం ఇష్టంలేక దూడకి పోస్తారు. ఆ కొద్ది మోతాదు మందుతో దాని కడుపులో మొండి బ్యాక్టీరియా తయారవుతుంది. కాలవలో కూడా పొయ్యకండి, గొయ్యి తీసి పోసి మట్టి కప్పండి. నిషేధం సంగతి రేపు రాస్తాను, అది ఒక్క మాటలో తేలేది కాదు.

కోనసీమ_పాడి
డాక్టరు గారూ, నమస్కారమండి. కాగితం దొరకలేదు, సీసా మీద భూతద్దం పెట్టి చూశాం, రోజుల సంగతి ఎక్కడా కనపడలేదు. గేదె తల బొమ్మ ఉంది, "జంతువుల చికిత్సకు మాత్రమే" అని ఇంగ్లీషులో ఉంది. పూటకి మూడు లీటర్లు, రెండు పూటలా పారబొయ్యాలి. సరే, చేస్తాం.

తణుకు_మందులషాపు
ఆ తల బొమ్మ, ఆ మాట రెండూ పశువుల మందు మీద ఉండాల్సినవే అండి, అంటే అది మనుషుల మందు తెచ్చి పొడిచింది కాదు. అంతవరకు నయం. మా షాపుకి వచ్చి మనుషుల సీసాలే గేదెకని అడిగేవాళ్ళు చాలామంది. నొప్పికి వేసే డైక్లోఫెనాక్ గుర్తుందా? అది వేసిన పశువుల కళేబరాలు తిని రాబందులు చచ్చిపోతున్నాయని 2006లో పశువులకి ఆపేశారు. అప్పుడు మనుషుల కోసం చేసే 30 మిల్లీలీటర్ల పెద్ద సీసాలు కొని పశువులకి పొడిచారు. చివరికి 2015లో ప్రభుత్వం మనుషుల సీసానే 3 మిల్లీలీటర్ల ఒక్క డోసుకి కుదించాల్సి వచ్చింది.

ఇంకోటి, సెఫ్ట్రియాక్సోన్ షెడ్యూల్ హెచ్1 మందు. 2014 మార్చి నుంచి ఆ పట్టికలో మందులకి చీటీ కావాలి, రాసిన డాక్టరు పేరు, తీసుకున్నవాళ్ళ పేరు రిజిస్టర్లో రాసి 3 ఏళ్ళు దాచాలి. మీ ఊరాయన ఏ చీటీ మీద తెచ్చాడు? ఆయన్ని తప్పుపట్టడానికి అడగడం లేదు, అమ్మినవాడు అడగాల్సిన ప్రశ్న అది.

పాలకొల్లు_గృహిణి
నేను ఎప్పుడూ చదివి ఊరుకుంటాను, ఈసారి ఊరుకోలేకపోతున్నాను. మా పాపకి రెండేళ్ళు. ప్యాకెట్ పాలు వద్దని, గేదె పాలు మంచివని, రోజూ లీటరు ఇంటికి వేయించుకుంటాం. పోయిన ఏడాది మా ఇంట్లో కూడా రెండు రోజులు పెరుగు తోడుకోలేదు. పాలాయన్ని అడిగితే "చలికి అమ్మా" అన్నాడు. మే నెలలో చలి ఏమిటండి? నేనే ఎక్కువ మరిగించలేదేమో అనుకుని మర్నాటి నుంచి ఇంకాసేపు కాచాను. మీ దగ్గర పాలు కొన్నవాళ్ళ ఇంట్లోనూ ఇలా చిన్నపిల్లలు ఉండి ఉంటారు కదా.

పాతడాక్టరు
అమ్మా, మరిగిస్తే పాలలో క్రిములు చస్తాయి గానీ మందు పోతుందని నమ్మడానికి లేదు. ఎక్కువసేపు కాచినా అంతే. పెన్సిలిన్ జాతి మందులు పడనివాళ్ళకి ఆ కొద్దిపాటికే దద్దుర్లు రావచ్చు. అలాగని పాలంటేనే భయపడి మానెయ్యకండి. 2018లో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దేశమంతా 6,432 పాల నమూనాలు తీసి పరీక్షించింది, వాటిలో 77 నమూనాల్లో యాంటీబయాటిక్ పరిమితి దాటింది. అంటే నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. ఎక్కువమంది సరిగ్గానే పోస్తున్నారు. పెరుగు తోడుకోని రోజున పాలాయన్ని మళ్ళీ అడగండి, "చలి" అంటే ఒప్పుకోకండి. మీరు అడిగితేనే ఆయన సూదేసినాయన్ని అడుగుతాడు.

కోనసీమ_పాడి
అమ్మా, మీరన్నది చదివి మా ఆవిడకి చూపించాను. మేము పోసినవి ఎవరింటికి వెళ్ళాయో తెలియదు. ఈ పొద్దున కేంద్రానికి వెళ్ళి ఉన్నది ఉన్నట్టు చెప్పాను, "ఆదివారం నుంచి బుధవారం దాకా పోసిన పాలలో మందు ఉంది" అని. అక్కడ పాలు తీసుకునే ఆయన కాసేపు నా మొహం చూసి, ఇప్పటిదాకా ఎవరూ వచ్చి ఇలా చెప్పలేదన్నాడు. పుస్తకంలో రాసుకున్నాడు. మంగళవారం దాకా రానక్కర్లేదన్నాడు.

పాతడాక్టరు
మంచి పని చేశారు. ఇక నిషేధం.

మీ అబ్బాయి చెప్పిన 156 మిశ్రమాలు 2024 ఆగస్టులో ఆపినవి. అంతకుముందు 2016 మార్చిలో 344 ఆపారు, కంపెనీలు కోర్టుకెళ్ళాయి, అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, మళ్ళీ నిపుణులు చూసి 2018 సెప్టెంబరులో 328 ఆపారు. ఇవన్నీ మనుషుల వాడకానికి సంబంధించినవి. ఉత్తర్వులోనే ఆ మాట ఉంటుంది. కాబట్టి ఆ జాబితాలో ఒక పేరు కనపడినంత మాత్రాన గేదె మందుకి అది వర్తించదు. కనపడకపోతే గేదెకి మంచిదనీ కాదు. ఆ జాబితా పట్టుకుని మీ సీసా సంగతి తేల్చలేం.

పశువులకి విడిగా వచ్చిన నిషేధాలు ఉన్నాయి. అవి ఇలా మందు పేరు మీద వస్తాయి. 2019 జులైలో కొలిస్టిన్‌ని ఆహారానికి పెంచే పశువులకి, కోళ్ళకి, చేపల రొయ్యల సాగుకి, మేతలో కలిపే వాటికి పూర్తిగా ఆపారు. కారణం తెలుసా, ఆసుపత్రిలో ఏ మందూ పనిచెయ్యని రోగికి ఆఖరిగా వాడేది కొలిస్టిన్. దాన్ని మనం కోళ్ళు బరువెక్కడానికి దాణాలో కలిపాం. దాన్ని తట్టుకునే జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకో దానికి దూకుతోందని 2015లో చైనా నుంచి బయటపడింది, పందుల్లో, మాంసంలో, మనుషుల్లో కూడా కనిపించింది. తర్వాత 2025లో క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు, వాటితో చేసిన మందులన్నీ ఆహార పశువులకి ఆపేశారు.

"వాటితో చేసిన మందులన్నీ" అన్నది గట్టిగా పట్టుకోండి. నిషేధించిన మందుకి ఇంకో రెండు కలిపి కొత్త పేరు పెట్టినా అది నిషేధంలోనే ఉంటుంది. మీ సీసాలోవి ఈ మూడిట్లోవి కావు. వాడకూడని మందు వేశారని కాదు, వాడిన తర్వాత పాటించాల్సింది ఎవరూ మీకు చెప్పలేదు.

కోళ్లషెడ్డు_అనపర్తి
డాక్టరు గారి మీద గౌరవంతోనే చెప్తున్నాను. చెప్పడం తేలిక. నాకు 20 వేల లేయర్లు, అంటే గుడ్ల కోళ్ళు. సీఆర్‌డీ, అంటే కోళ్ళకి ఊపిరి తెగులు, వచ్చి రాత్రి షెడ్డులోకి వెళ్తే అంతా గురక. గుడ్లు పడిపోతాయి. టైలోసిన్, డాక్సీసైక్లిన్ కలిపిన పొడి నీళ్ళలో వేస్తాం, నాలుగైదు రోజులకి తేరుకుంటాయి. ఇప్పుడు ఆఖరి రోజు నుంచి 7 రోజులు గుడ్లు అమ్మవద్దంటే రోజుకి పదిహేడు పద్దెనిమిది వేల గుడ్లు ఎక్కడ పెట్టాలి? మందు వేసిన రోజులతో కలిపి దాదాపు రెండు లక్షలు. దాణా ఆగదు, కరెంటు బిల్లు ఆగదు, బ్యాంకు ఆగదు. రైతుకి ఆ నష్టం ఎవరిస్తారు? 2025 ఫిబ్రవరిలో తణుకు, పెరవలి వైపు బర్డ్‌ఫ్లూ వచ్చినప్పుడు చూశాం కదా, కోళ్ళు కళ్ళముందే గుట్టలుగా పోయాయి. భయం వేస్తే చేతికి దొరికిన మందు వేస్తాం, ఎవరైనా అంతే.

ఉండి_చెరువులు
అన్నా, బర్డ్‌ఫ్లూ వైరస్. దానికి ఏ యాంటీబయాటిక్కూ పనిచెయ్యదు. అప్పుడు మా బంధువు ఒకాయన భయంతో ముందు జాగ్రత్త అని పది రోజులు పొడి వేశాడు, ఆ ఖర్చూ పోయింది, కోళ్ళూ పోయాయి.

మా రొయ్యల్లో ఇదే జరిగింది. తెల్లమచ్చ వైరస్. ఈహెచ్‌పీ బ్యాక్టీరియా కాదు, మరో రకం పరాన్నజీవి. వీటికి యాంటీబయాటిక్ దండగ. కానీ చెక్ ట్రే ఎత్తితే మేత మిగిలిపోయి, తెల్ల పేడ తేలుతుంటే రాత్రి నిద్రపట్టదు, ఎవడు ఏ ప్యాకెట్ ఇచ్చినా మేతలో కలిపేస్తాం. నా సంగతే చెప్తాను. 60 కౌంటు దగ్గర, అంటే కిలోకి 60 రొయ్యలు తూగే సైజులో, పేగు తెల్లబడింది. షాపులో ఒక ప్యాకెట్ ఇచ్చారు, మీద పేగుకి రక్షణ అని రొయ్య బొమ్మ, లోపల ఏముందో ఒక్క ముక్క లేదు. వారం కలిపాను. పట్టుబడికి ముందు నమూనా పరీక్షకి ఇస్తే నైట్రోఫ్యూరాన్ అవశేషం ఉందని వచ్చింది. ఎగుమతికి కొనే ఏజెంటు వేన్ వెనక్కి తిప్పుకుని వెళ్ళిపోయాడు. గట్టు మీద ఐస్ కరుగుతోంది, పట్టుబడి కూలీలు పదిహేను మంది కూర్చుని నా వైపు చూస్తున్నారు. ఆ రోజు మర్చిపోలేను.

ఆ రొయ్య ఏమైందో కూడా చెప్తాను, ఇక్కడ దాచేదేముంది. సగం రేటుకి లోకల్ వాళ్ళు తీసుకెళ్ళారు. యూరప్ వాడు తినకూడదన్నది మన బజార్లో అమ్ముడైంది. దానికి నాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

వెట్_విద్యార్థి_గన్నవరం
నమస్తే అన్నా. యూరప్ ఎంత కచ్చితంగా చూస్తుందో ఒక లెక్క చెప్తాను. క్లోరాంఫెనికాల్ కిలో రొయ్యలో 0.15 మైక్రోగ్రాముకి చేరితే చాలు, ఆ లాట్‌ని ఆపేస్తారు. 2016 నుంచి మన రొయ్యల్లో సగం లాట్లకి అక్కడ నమూనా తీస్తున్నారు, అంతకుముందు నూటికి పదే. ఒకరి చెరువులో ఒక ప్యాకెట్ వల్ల రాష్ట్రం మొత్తం సరుకు మీద అనుమానం పడుతుంది.

ఇంకొకటి, మిశ్రమం అంటే చాలామంది డబుల్ పవర్ అనుకుంటారు. కొన్ని నిజంగా పనికొస్తాయి. గేదెకి వేసిన దాంట్లో టాజోబాక్టం తనంతట తాను బ్యాక్టీరియాని చంపదు, సెఫ్ట్రియాక్సోన్‌ని విరగ్గొట్టే ఎంజైముకి అడ్డం పడుతుంది, కాపలాదారు లాంటిది. సల్ఫా, ట్రైమిథోప్రిమ్ జంట కూడా అంతే, ఒకే దారిని రెండు చోట్ల కట్టేస్తాయి. కానీ అన్నీ అలా కాదు. పెన్సిలిన్ జాతి మందు బ్యాక్టీరియా గోడ కట్టుకుంటున్నప్పుడు దెబ్బకొడుతుంది, అంటే అది పెరుగుతూ ఉండాలి. టెట్రాసైక్లిన్ ఆ పెరుగుదలనే ఆపుతుంది. రెండూ కలిపితే ఒకదాని పనికి ఇంకోటి అడ్డం.

పైగా రెండు మందులూ ఒకే సమయానికి ఒంట్లోంచి పోవు. ఒక మందు రెండు రోజుల్లో పోతే ఇంకోటి వారం ఉండొచ్చు. అప్పుడు ఎక్కువ రోజులు ఉండేదాని లెక్కే పట్టుకోవాలి. ప్యాకెట్ మీద రెండూ రాయకపోతే రైతుకి ఎలా తెలుస్తుంది? నాకు అన్నిటికంటే కోపం వచ్చేది అక్కడే.

తణుకు_మందులషాపు
తమ్ముడు బాగా చెప్పాడు. చట్టం వైపు నుంచి నేనొకటి కలుపుతాను. విడివిడిగా అనుమతి ఉన్న రెండు మందుల్ని మొదటిసారి ఒక నిష్పత్తిలో కలిపితే అది కొత్త మందు కిందే లెక్క, కేంద్ర ప్రభుత్వం దగ్గర అనుమతి తీసుకోవాలి. తయారీ లైసెన్సు మాత్రం రాష్ట్రాలు ఇస్తాయి. ఏళ్ళ తరబడి కేంద్రం చూడకుండానే రాష్ట్రాల లైసెన్సుతో మిశ్రమాలు బజార్లోకి వచ్చేశాయి. 2012లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది, ఆ తర్వాతే ఈ వందల జాబితాలు వచ్చాయి. "లైసెన్సు నంబరు ఉంది కదా" అంటే సరిపోదని చెప్పడానికే ఇదంతా. నా షాపులో పది రకాల పొడులు పక్కపక్కన ఉంటాయి, రంగులు వేరు, పేర్లు వేరు, వెనక్కి తిప్పి చదివితే నాలుగింటిలో అదే మందు. రైతు ఒకటి పనిచెయ్యలేదని రెండోది కొంటాడు, అదే మందు మళ్ళీ పోస్తాడు. ఇప్పుడు నేనే వెనక్కి తిప్పి చూపిస్తున్నాను.

పాతడాక్టరు
అనపర్తి వారూ, మీ ప్రశ్న దాటవెయ్యను. నష్టం మీదే, నిజం. ఆ నష్టానికి ప్రభుత్వం చెయ్యి అందించాలని నేనూ అంటాను. కానీ ఆ గుడ్లు అమ్మితే నష్టం పోవడం లేదు, కొన్నవాళ్ళ ఇంటికి మారుతోంది. పైనున్న పాలకొల్లు అమ్మాయి ఇంట్లో పాప గుడ్డు కూడా తింటుంది కదా.

ఇంకో మాట. ఏడు రోజులు అన్నది నిర్ధారించిన గడువు లేనప్పుడు. గుడ్లు పెట్టే కోళ్ళలో తక్కువ విరామం పరీక్షించి తేల్చిన మందులు ఉంటాయి, వాటికి లేబుల్ మీద రాసిన రోజులే లెక్క. జంట పొడి కాకుండా అలాంటి ఒక్క మందు అడగండి. సీఆర్‌డీ ఏటా వస్తోందంటే మందు మార్చడం కంటే షెడ్డులో అమ్మోనియా, గాలి, తడి లిట్టరు, కోడిపిల్లలు ఎక్కడినుంచి తెస్తున్నారు అన్నవి చూడాలి. రాత్రి షెడ్డులోకి వెళ్ళగానే మీ కళ్ళు మండుతున్నాయా? మండితే కోడికి రోజంతా అదే గాలి.

కోళ్లషెడ్డు_అనపర్తి
మండుతాయి. నిజమే. వర్షాకాలం పక్క పరదాలు దించేస్తాం, అప్పుడే గురక మొదలవుతుంది. ఇలా ఎప్పుడూ ఆలోచించలేదు.

ఆకివీడు_చేపలు
అన్నగారూ, మీ షెడ్డు ఎరువు ఎక్కడికి వెళ్తుంది? అడగడానికి కారణం ఉంది. మా బొచ్చె, శీలావతి చెరువుల్లోకి కోళ్ళ ఎరువు లారీల్లో వస్తుంది, చవకగా నీళ్ళు పచ్చబడతాయని అందరం వేస్తాం. కోడికి వేసిన మందులో కొంత రెట్టలోకి వస్తుంది, రెట్ట మా చెరువులోకి, చెరువు నీళ్ళు డ్రెయిన్‌లోకి, డ్రెయిన్ కొల్లేటికి. నేను ఒక్క గ్రాము యాంటీబయాటిక్ కొనలేదు, అయినా నా చేపకి అందుతోంది. మీరు చెప్పిన 97వ నిబంధనలోనే చేపకి 500 డిగ్రీ రోజులు అని ఉంది, అంటే ఏమిటి డాక్టరు గారూ?

వెట్_విద్యార్థి_గన్నవరం
నేను చెప్తానండి. చేప ఒంటి వేడి నీళ్ళని బట్టి ఉంటుంది, వేడి నీళ్ళలో మందు తొందరగా పోతుంది, చల్ల నీళ్ళలో ఆలస్యం. అందుకని రోజుల్ని నీటి వేడితో గుణిస్తారు. మీ చెరువు నీళ్ళు సగటున 28 డిగ్రీలు అనుకోండి, 500ని 28తో భాగిస్తే దాదాపు 18 రోజులు. డిసెంబరులో 24కి పడితే 21 రోజులు. మందు ఆపిన రోజు నుంచి లెక్కపెట్టాలి. ఎరువుతో వచ్చేదానికి మాత్రం ఈ లెక్క కుదరదు, ఎందుకంటే అది ఎప్పుడు ఆగిందో మీకు తెలియదు. షెడ్డులో మందు వాడని బ్యాచ్ ఎరువే కావాలని ముందే అడిగి తీసుకోవడం ఒక్కటే దారి.

కోళ్లషెడ్డు_అనపర్తి
ఇప్పటిదాకా ఎరువు కొనేవాళ్ళెవరూ నన్ను ఆ మాట అడగలేదండి. అడిగితే చెప్తాను.

పాలకొల్లు_గృహిణి
మా పాలాయన్ని ఈరోజు అడిగానండి. మొదట విసుక్కున్నాడు. తర్వాత నిలబడి, "పోయిన మేలో గేదెకి పొదుగు వాస్తే సూదేశామమ్మా, నాకు ఎవరూ చెప్పలేదు" అన్నాడు. ఇకమీదట వేస్తే చెప్తానన్నాడు, ఆ రోజులకి వాళ్ళ అన్నగారి గేదె పాలు పోస్తాడట. కోపం తగ్గింది. వాపు వచ్చినప్పుడల్లా సూదే గతా, వేరే మార్గం లేదా అని అడిగాడు, మీరెవరైనా చెప్తే ఆయనకి చూపిస్తాను.

పాతడాక్టరు
మొదట్లోనే, అంటే పాలలో చిన్న ముక్కలు కనపడగానే, జ్వరం లేనప్పుడు ఇది చేసి చూడమనండి. కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు మెత్తగా రుబ్బాలి. పొదుగు కడిగి, పాలు పూర్తిగా పిండేసి, ఆ ముద్దలో కొంత నీళ్ళతో పల్చగా చేసి రోజుకి ఎనిమిది పదిసార్లు పొదుగంతా రాయాలి. జాతీయ పాడి అభివృద్ధి మండలి కూడా దీన్నే రైతులకి నేర్పిస్తోంది. గేదెకి జ్వరం ఉన్నా, మేత మానేసినా, చన్ను నల్లబడి చల్లగా ఉన్నా ఇంటి వైద్యంతో కూర్చోవద్దు, 1962కి ఫోన్ చేస్తే సంచార వైద్యశాల బండి వస్తుంది. అప్పుడు యాంటీబయాటిక్ తప్పకుండా కావాలి, సగంలో ఆపకుండా పూర్తిగా వెయ్యాలి. మందు వద్దని నేను ఎప్పుడూ చెప్పను. పాలు నమూనా తీసి ఏ మందుకి లొంగుతుందో పరీక్ష చేయించి వేస్తే ఒక్క మందే సరిపోతుంది, రెండు కలపాల్సిన పని చాలాసార్లు రాదు.

కోనసీమ_పాడి
అందరికీ మళ్ళీ నమస్కారమండి. నిన్న సాయంత్రంతో ఏడు రోజులు అయ్యాయి. పారబోసినవి లెక్కేస్తే మీతో మాట్లాడిన దగ్గర్నుంచి 30 లీటర్ల పైన. నిన్న రాత్రి తోడు పెట్టాం, పొద్దున గిన్నె వంచినా కదల్లేదు. డాక్టరు గారు అది చాలదన్నారు కాబట్టి ఇంకో రెండు పూటలు ఆగి పోద్దామనుకుంటున్నాం.

సూదులు వేసే ఆయన్ని పిలిచి కూర్చోబెట్టి ఇదంతా ఫోన్లో చదివి వినిపించాను. కొట్లాడతాడనుకున్నాను, లేదు. "ఆ సీసా మీద రోజులు చూడాలని నాకూ ఎవరూ చెప్పలేదు" అన్నాడు. వేసిన తేదీ, మందు పేరు పాక గోడ మీద సుద్దతో రాయమన్నాను, ఒప్పుకున్నాడు.

ఇంకో సందేహం. గోడ మీద రాయడానికని అటక మీద సుద్ద వెతుకుతుంటే పాత బిళ్ళలు రెండు దొరికాయి, పసుపు రంగువి, వేలెడు పొడుగు. మూడో ఈతలో మాయ పడకపోతే గర్భసంచిలో పెట్టడానికి తెచ్చినవి, మిగిలిపోయాయి. రేకు మీద నైట్రోఫ్యూరజోన్, యూరియా అని ఉంది. గడువు ఇంకా ఉన్నట్టుంది. చిన్నగేదె వచ్చే నెల ఈనుతుంది. ఇవి దాచుకోవచ్చా?

పాతడాక్టరు
వద్దు. నైట్రోఫ్యూరజోన్ నైట్రోఫ్యూరాన్ జాతిదే, ఉండి తమ్ముడి చెరువులో దొరికింది కూడా ఆ జాతే. గర్భసంచిలో పెట్టినా రక్తంలోకి, పాలలోకి వెళ్తుంది. గడువు తేదీ ఉన్నా ఇప్పుడు పాడి పశువుకి వాడకూడదు. పొయ్యిలో వెయ్యకండి, చెత్తలో పారెయ్యకండి, కాలవలో అసలే వద్దు. రేకుతో సహా పశువుల ఆసుపత్రిలో ఇచ్చెయ్యండి. చిన్నగేదె ఈనాక మాయ పడలేదని కంగారుపడి చెయ్యి పెట్టి లాగించకండి, 12 గంటలు చూసి ఫోన్ చెయ్యండి.

కోనసీమ_పాడి
సరేనండి. రేపు పొద్దున్నే ఆసుపత్రికి వెళ్తున్నాను, బిళ్ళలు జేబులో పెట్టుకున్నాను.

కోళ్లషెడ్డు_అనపర్తి
డాక్టరు గారూ, నేనూ నా స్టోర్ గదిలో ఉన్నవన్నీ బయటపెట్టి వెనక్కి తిప్పి చదువుతున్నాను. పదకొండు ప్యాకెట్లు. తొమ్మిదింటి మీద పేర్లున్నాయి, రెండిటి మీద మందు పేరే లేదు, వాటిలో ఒకటి తెల్ల కవరు, పెన్నుతో "గ్రోత్" అని రాసి ఉంది. ఫోటోలు పెడుతున్నాను, ఒక్కసారి చూసి చెప్పండి.